బెడ్‌పాన్ ఎవరు కడగాలి? విదేశీ సేవా ఏడాదిలో ‘సంస్కృతి’ అనిపించుకున్న కులం

జర్మనీలో నేను ఏడాది పాటు వలంటీరుగా పనిచేసిన వృద్ధాశ్రమంలో ప్రతి అంతస్తుకూ ఒక చిన్న గది ఉండేది. అందులో గోడకు బిగించిన స్టీలు యంత్రం. నిండిన బెడ్‌పాన్‌ను లోపల పెట్టి తలుపు మూసి మీట నొక్కితే అదే ఖాళీ చేసి, కడిగి, వేడి ఆవిరితో శుద్ధి చేసేది. మొదటి వారం ఆ పని నాకు నేర్పింది ఆ అంతస్తు సీనియర్ నర్సు. ముందు తను చేసి చూపించింది, తర్వాత నా చేత చేయించింది. నేను ఆ యంత్రం ముందు అవసరానికి మించి నిలబడిపోయాను. మా అమ్మ ఒక ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలు. పద్దెనిమిదేళ్లుగా ఆమె చేసేది ఇదే పని. యంత్రం మాట అటుంచండి, సరైన గ్లవ్స్ అందిన నెలలే ఆమెకు వేళ్ల మీద లెక్క.

ఆ రాత్రి ఫోన్‌లో ‘ఏం పని చేస్తున్నవ్ బిడ్డా?’ అని అడిగితే ‘ముసలోళ్లను చూసుకుంటున్న’ అన్నాను. అంతకు మించి చెప్పలేకపోయాను. నన్ను చదివించిందే ఆ పని నా దాకా రాకూడదని.

అంతర్జాతీయ యువ వలంటీర్ల మార్పిడి గురించి మన విశ్వవిద్యాలయాల నోటీసు బోర్డుల మీద అప్పుడప్పుడూ ఒక కాగితం కనిపిస్తుంది. చాలామంది దాన్ని విదేశీ యాత్రగా చదువుతారు, లేదంటే రెజ్యూమెలో ఒక లైనుగా. దానికి ఒక చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, 1920లో, స్విట్జర్లాండ్‌కు చెందిన పియెర్ సెరెజోల్ అనే శాంతివాది ఫ్రాన్స్‌లోని వెర్డున్ దగ్గర యుద్ధంలో కూలిపోయిన ఒక గ్రామంలో వేర్వేరు దేశాల యువకులతో కలిసి పునర్నిర్మాణ పనికి దిగాడు. అంతర్జాతీయ సేవా శిబిరాలకు అది ఆరంభం. 1934లో బీహార్‌ను భూకంపం కూల్చినప్పుడు అదే సెరెజోల్ ఇక్కడికి కూడా వచ్చాడు. ఆ భూకంపం అంటరానితనమనే పాపానికి దైవం వేసిన శిక్ష అని గాంధీ అన్నదీ, ఠాగూర్ దాన్ని తప్పుపట్టిందీ అప్పుడే. ఆ ఇద్దరు పెద్దల వాదనలో అంటరానివాళ్లు విషయంగా ఉన్నారు, మాట్లాడేవాళ్లుగా లేరు.

ఆ తర్వాత దశాబ్దాల పాటు ఈ ‘మార్పిడి’ ప్రధానంగా ఒకే వైపు నడిచింది. తెల్లవాళ్లు సేవ చేయడానికి వచ్చారు, మనం సేవ అందుకున్నాం. జర్మనీ ప్రభుత్వం 2008లో ‘వెల్ట్‌వెర్ట్స్’ పేరుతో పెద్ద ఎత్తున మొదలుపెట్టిన పథకం కూడా మొదట జర్మన్ యువతను బయటికి పంపడానికే. అటునుంచి ఇటు వచ్చినట్టే ఇటునుంచి అటు కూడా పోవాలన్న భాగం 2013లో గానీ చేరలేదు. నాలాంటివాళ్లు వెళ్లగలిగింది ఈ రెండో దారిన. సంతోషమే. కానీ ఇటునుంచి అటు వెళ్లే ‘ఇండియా’ ఎవరు అన్న ప్రశ్న మాత్రం ఆ పథకాల కాగితాల్లో నాకెక్కడా కనబడలేదు.

స్వచ్ఛంద సేవ. తన ఇచ్ఛతో చేసేది. మాట అందంగానే ఉంది. మన తాతముత్తాతలు కూలి లేకుండా చేసిన పని కొండంత, అందులో ఇచ్ఛ మాత్రం గోరంత కూడా లేదు. దాని పేరు వెట్టి. 1928లో బొంబాయి శాసనమండలిలో బాబాసాహెబ్ మహర్ వతన్ మీద సవరణ బిల్లు పెట్టినప్పుడు ఆయన ఎత్తిచూపింది దీన్నే. వతన్‌దారు మహర్ రాత్రనక పగలనక సర్కారు పనికి సిద్ధంగా ఉండాలి. అతను ఊళ్లో లేకపోతే తండ్రో ఇంట్లో మరొకరో వెళ్లాలి. చేతికొచ్చేది మాత్రం నామమాత్రం. అలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ‘జీతం లేని సేవ’ అనే మాట వినగానే ఒళ్లు జలదరించడం సహజం. మా వాడలో నేను వెళ్తున్నానని తెలిసినప్పుడు ఒక పెద్దాయన అడిగింది కూడా అదే: ‘గంత దూరం పోయి వెట్టి చేసుడేందిరా?’

ఆయనకు నేనప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు కొంత చెప్పగలను. రాజ్యాంగం 23వ అధికరణ మొదటి భాగం వెట్టిని నిషేధించిందని మనందరికీ తెలుసు. రెండో భాగాన్ని మన క్లాసురూముల్లో చర్చించడం నేను విన్నది తక్కువ. ప్రజాప్రయోజనం కోసం రాజ్యం నిర్బంధ సేవ విధించవచ్చని అది అంటుంది. అయితే మతం, జాతి, కులం, వర్గం అనే కారణాల మీద అందులో వివక్ష చూపరాదని షరతు పెడుతుంది. అంటే మురికి ఎత్తాల్సి వస్తే అందరి చేతా ఎత్తించు, కొందరి చేతే ఎత్తించకు అని.

ఆ షరతు అమలైతే ఎలా ఉంటుందో నేను జర్మనీలో చూశాను. 2011 వరకు అక్కడ నిర్బంధ సైనిక సేవ ఉండేది. తుపాకీ పట్టనన్న కుర్రాళ్లు దానికి బదులుగా ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో, వికలాంగుల కేంద్రాల్లో పౌర సేవ చేయాలి. మా ఆశ్రమానికి వారానికోసారి వచ్చే డాక్టరు తన పంతొమ్మిదో ఏట అలాంటి చోటే బెడ్‌పాన్లు ఎత్తానని కాఫీ తాగుతూ చెప్పాడు. గొప్పగానూ చెప్పలేదు, సిగ్గుపడుతూనూ చెప్పలేదు. నిర్బంధ సైనిక సేవను ఆపేశాక ఆ ఖాళీలో వచ్చిందే ఇప్పటి ఫెడరల్ వలంటీరు సేవ. నేను చేరింది అందులోనే. మన దగ్గర 1969 నుంచి ఎన్.ఎస్.ఎస్. ఉంది. నేనూ అందులో ఉన్నాను. ఏడాదికోసారి క్యాంపస్ ఊడ్చేవాళ్లం, ఫొటో దిగేవాళ్లం. మేం వెళ్లిపోయాక రోజూ ఊడ్చే అక్క వచ్చి మళ్లీ ఊడ్చేది.

జర్మనీ స్వర్గమని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. అక్కడా వృద్ధుల సంరక్షణ తక్కువ జీతపు పనే. పోలండ్ నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి, కేరళ నుంచి వచ్చిన ఆడవాళ్లు మోస్తున్న పని. నా చేత్తో అన్నం తిననని ఒక ముసలాయన పళ్లెం తోసేశాడు. ఆయనది చర్మం రంగు లెక్క. ఆ రోజు నర్సు ఆయనతో గట్టిగా మాట్లాడి, ఆ సంగతిని రిజిస్టరులో రాసింది. జాతి వివక్షకు అక్కడ పేరుంది, కాలమ్ ఉంది. కులానికి లేదు.

లేదని తెలిసింది సెమినార్లలో. ఆ సేవలో ఏడాదికి కనీసం 25 రోజులు సెమినార్లు ఉంటాయి. మా బృందంలో భారతదేశం నుంచి నలుగురం. పరిచయమైన పది నిమిషాలకే ‘ఫుల్ నేమ్ ఏంటి?’ అన్న ప్రశ్న వచ్చింది. ఖండాలు దాటినా ఆ ప్రశ్నకు అలుపు రాదు. అందులో ఒక అబ్బాయికి కూడా వృద్ధాశ్రమమే పడింది. రెండు వారాలు తిరక్కుండానే తను ‘అలాంటి పని’ చేయలేనన్నాడు. ఇతరుల మలమూత్రాలు ముట్టుకోవడం మా సంస్కృతిలో లేదని సమన్వయకర్తతో చెప్పాడు. వాళ్లు అతన్ని ఒక బడి ఆఫీసుకు మార్చారు. ఆరు నెలల సమీక్షలో ఆ సమన్వయకర్త దీన్నే మంచి ఉదాహరణగా చెప్పింది: వలంటీరు సంస్కృతిని గౌరవించాం, సున్నితంగా పరిష్కరించాం అని.

నేను చెయ్యి ఎత్తాను. ‘మా సంస్కృతిలో ఆ పని ఉంది. మా అమ్మ చేస్తుంది. ఆయన ఇంట్లో లేదంటే, అది మా ఇంటికి తోసేశారు కాబట్టి లేదు’ అన్నాను. నా జర్మన్ అప్పటికి అంతంతమాత్రం. వ్యాకరణం తప్పే పోయి ఉంటుంది, కానీ గదిలో అందరికీ అర్థమైంది.

ఆ అబ్బాయి దుర్మార్గుడు కాదు. పంతొమ్మిదేళ్లవాడు. ఆ రెండు వారాలు రాత్రిళ్లు ఏడ్చాడని తర్వాత నాతోనే చెప్పాడు. సమన్వయకర్త కూడా మంచి మనిషే. ‘ఇది మాకు ఎవరూ చెప్పలేదే’ అంది. నిజమే, చెప్పలేదు. వాళ్లకిచ్చిన శిక్షణ పుస్తకంలో ఇండియా అంటే పండుగలు, ఉమ్మడి కుటుంబం, కుడిచేత్తో తినడం, శాకాహారం. ‘ఇండియా సాయంత్రం’ వంటల జాబితా కూడా ఆ పుస్తకానికి తగ్గట్టే ఉంది. నేను బీఫ్ వండుతానంటే ముగ్గురూ ఒక్క గొంతుతో ‘ఇండియా పరువు’ అన్నారు. ఆ దేశంలో ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరికే మాంసంతో, మా ఇంట్లో ఆదివారం వండుకునే కూరతో, పరువు ఎలా పోతుందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. పప్పు వండాను. అది నా ఓటమే.

హిందువులు భూమ్మీద ఎక్కడికి వలసపోతే కులం అక్కడి సమస్య అవుతుందన్న కేత్కర్ హెచ్చరికను 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేడ్కర్ గుర్తుచేశారు. నూరేళ్లు దాటాక, 2023లో, సియాటిల్ నగరం కుల వివక్షను చట్టంతో నిషేధించింది. వంశపారంపర్య వివక్షలో కులం కూడా వస్తుందని జాతి వివక్ష నిర్మూలనపై ఐక్యరాజ్యసమితి కమిటీ 2002లోనే స్పష్టం చేసింది. జర్మనీ 2006 నాటి సమానత్వ చట్టంలో జాతి, లింగం, మతం, వైకల్యం, వయసు, లైంగికత ఉన్నాయి. కులం అన్న మాట లేదు. మాట లేనిచోట కులం ‘సంస్కృతి’ అనే చొక్కా తొడుక్కుని తిరుగుతుంది. దాన్ని గౌరవించడం అక్కడివాళ్లకు మర్యాద అవుతుంది. ఆ మర్యాదకు మూల్యం చెల్లించేది మనం.

ఇక ఎవరు వెళ్లగలరన్న సంగతి. విమాన టికెట్టు, బస, భోజనం, బీమా, జేబు ఖర్చు పథకమే భరిస్తుంది. కానీ ఎంపిక కావడానికి ముందే పాస్‌పోర్టు, జర్మన్ కోర్సు, ఇంటర్వ్యూకు ప్రయాణం, వీసా కాగితాల చుట్టూ తిరుగుడు ఉంటాయి. వీటన్నిటికన్నా పెద్ద ఖర్చు ఏ ఫారంలోనూ రాయరు. మా ఇంట్లో నా ఏడాది అంటే నేను ట్యూషన్లతో తెచ్చే నెలకు ఆరేడు వేలు ఆగిపోవడం. దాని బదులు అమ్మ ఆదివారం డ్యూటీలు కూడా చేసింది. నా స్వచ్ఛంద సేవను నిజంగా భరించింది ఎవరో దీన్నిబట్టి చెప్పొచ్చు.

ఇంటర్వ్యూలో గతంలో చేసిన సేవకు సర్టిఫికెట్లు అడిగారు. మా వాడలో పింఛను ఫారాలు నింపాను, వేలిముద్రలు పడని ముసలమ్మలను మీసేవకు తీసుకెళ్లాను, అర్ధరాత్రి నొప్పులు పడే వదినను ఆటోలో ఆసుపత్రికి చేర్చాను. వీటికి ఎవరు సర్టిఫికెట్ ఇస్తారు? ప్లేగు సోకిన మహర్ పిల్లాణ్ని వీపున మోసుకుని వైద్యానికి తెచ్చి, ఆ ప్లేగుతోనే 1897లో చనిపోయిన సావిత్రీబాయి ఈ ఇంటర్వ్యూకు వస్తే ఆమె దగ్గరా కాగితం ఉండేది కాదు.

అందుకే నేను అడిగేది దయ కాదు. పంపే సంస్థలు ఎవరిని పంపుతున్నాయో సామాజిక వర్గాలవారీగా లెక్క చెప్పాలి. వాడల్లో చేసిన పనిని అనుభవంగా గుర్తించాలి. భాషా కోర్సు ఖర్చును ఎంపికకు ముందే భరించాలి. ఇంటికి ఆగిపోయే ఆదాయానికి ఒక భృతి ఉండాలి. స్వీకరించే దేశాల శిక్షణ పుస్తకాల్లో కులం ఒక అధ్యాయంగా ఉండాలి, ఫిర్యాదు ఫారంలో ఒక గడిగా ఉండాలి. ఇక్కడి ప్రభుత్వాల విదేశీ విద్యా పథకాలు డిగ్రీల దగ్గరే ఆగిపోతున్నాయి. అందులోనూ కేంద్రం జాతీయ విదేశీ ఉపకార వేతనం నిబంధనల్లో 2022లో భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజంపై సామాజిక అధ్యయనాలను తీసేశారు. కులం గురించి విదేశంలో చదువుతానన్నవాడికి డబ్బు లేదు. కులం గురించి అక్కడి సెమినార్లో మాట్లాడగల పిల్లకు ఎంపికలో చోటు లేదు. ఈ రెండూ వేర్వేరు సంగతులని నేననుకోను.

ఇది చదువుతున్న విద్యార్థులకు ఒక మాట. వెళ్లండి. వెట్టి అని భయపడకండి, యాత్ర అని మురిసిపోకండి. పని గంటలు రాసి ఉన్న ఒప్పందం, వారపు సెలవు, బీమా, వద్దనుకుంటే మధ్యలో ఆపేసి రాగల హక్కు ఉన్నాయో లేదో చూసుకుని సంతకం పెట్టండి. వెట్టికీ సేవకూ తేడా ఆ కాగితంలో ఉంటుంది.

తిరిగి రావడం మాత్రం ఎవరూ నేర్పరు. ఐదేళ్లు యూరప్, అమెరికాల్లో ఉండి తాను అంటరానివాణ్నన్న స్పృహే పోయిందని, 1917లో బరోడాలో దిగగానే ఎక్కడ తలదాచుకోవాలన్న ప్రశ్న ఎదురైందని బాబాసాహెబ్ ‘వీసా కోసం నిరీక్షణ’లో రాసుకున్నారు. నాకు బస సమస్య రాలేదు, మా ఇల్లు ఉంది. వచ్చిన మూడో రోజు అమ్మకు ఆసుపత్రిలో అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్లాను. వార్డు చివర కుళాయి దగ్గర వంగి కడుగుతోంది. ఒక చేతికే గ్లవ్ ఉంది. అప్పుడు చెప్పాను, ఏడాదంతా నేను చేసింది ఇదేనని. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. కోప్పడుతుందనుకున్నాను. ఆ యంత్రం సంగతి చెప్పాను, ఫోన్‌లో ఫొటో చూపించాను. చెయ్యి చీరకు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. వేళ్లతో ఫొటోను పెద్దది చేసి చూసింది.

‘అక్కడ నర్సమ్మ కూడా చేస్తదా?’ అంది.

‘చేస్తది. డాక్టరు కూడా చేసిండట, చిన్నప్పుడు.’

‘మిషిన్ ఎంతుంటది?’

నాకు తెలియదు. కనుక్కుంటానన్నాను.