వార్ధక్యమునకు ఊరెంచుట

ఉద్యోగ విరమణానంతరము ఏ నగరమున స్థిరపడవలెనని అడిగినచో లోకులు చెప్పునది మూడు మాటలు: అద్దె చూడుము, గాలి చూడుము, ఆసుపత్రి ఎంత దూరమో చూడుము. భాషను చూడుమను వారు లేరు. ఇది చిన్న లోపము కాదని మా వాదము. ఫిన్లాండు దేశము ఇందుకు సాక్ష్యము. అచట నూటికి సుమారు అయిదుగురు స్వీడిష్ మాతృభాషగా గలవారు. మనవలెనే తరతరములుగా ఆ నేలకు చెందిన అల్పసంఖ్యాకులు.

అట్టి వృద్ధ దంపతులు ఏ నగరమునకు పోవలెను? తంపెరె రెండు సరస్సుల నడుమ సుందరముగా నున్నది. కాని చట్టము దృష్టిలో అది కేవలము ఫిన్నిష్ నగరము. 2003 నాటి భాషాచట్టము ప్రకారము అల్పసంఖ్యాకులు నూటికి 8 మంది గాని, మొత్తము 3,000 మంది గాని ఉన్నచో ఆ పురము ద్విభాషా పురమగును. ప్రాచీనమైన తుర్కు నగరము ఈ రెండవ లెక్కచేతనే ద్విభాషా నగరముగా నిలిచినది. ఓలండ్ దీవులలోని మరియహామ్న్‌లో స్వీడిషే అధికారభాష. అయితే బయటినుండి వచ్చినవారు అచట స్థలము కొనుటకు వలయు నివాసహక్కును పొందుటకు ముందు అయిదేండ్లు వసింపవలెను. వార్ధక్యమున అయిదేండ్లు స్వల్పకాలము కాదు.

మేమైతే వాసా నగరమును ఎన్నుకొందుము. ఆ ప్రాంతమున సుమారు సగముమంది స్వీడిష్ వారే. చట్టము హక్కు నిచ్చును గాని, పడకప్రక్కకు నర్సును తేజాలదు. జనములో సగము తనవారైన చోట ఆ నర్సు తన భాషలోనే పెరిగినదై యుండుట సులభము.

"వారిలో పలువురికి ఫిన్నిష్ వచ్చును గదా!" అని ఆక్షేపింతురు. వచ్చును. కాని బేరమాడు భాష వేరు, బాధ చెప్పుకొను భాష వేరు. స్మృతి సడలినపుడు పిమ్మట నేర్చిన భాష ముందుగా జారిపోవుట తరచుగా కానవచ్చునదే.

ఈ న్యాయము బరంపురమునకు, హోసూరునకు, షోలాపురమునకు వర్తింపదా? కొడుకు కొలువున్న మహానగరమున మంచి ఫ్లాటు కొని తల్లిదండ్రులను తరలించి, ఋణము తీరినదనుకొనుచున్నాము. మన రాజ్యాంగము 350ఏ అధికరణమున బాలుర ప్రాథమిక విద్యకు మాతృభాషను తలచినది. వృద్ధుల శుశ్రూషను గూర్చి ఆ అధికరణము పలుకదు. ఆ కొరతను మనమే తీర్చుకొనవలెను. ఉగాదికి పందిళ్లు వేయు మన సంఘములు, తమ ఊరిలో తెలుగు తెలిసిన వైద్యుల, నర్సుల పట్టిక నొకదానిని ప్రతి ఇంటికి అందింపరాదా? ఇల్లు కొనబోవువారు ముందు అడుగవలసినది గదుల లెక్క కాదు. అర్ధరాత్రి అమ్మ "ఆయాసముగా నున్నది" అన్నచో, ఆ మాట తెలియువారు ఆ వీధిలో ఎందరున్నారని.