తుంటి కీలు మార్పిడి: ఏ లోహం మంచిది?

తుంటి కీలు అరిగి ఆపరేషన్ తప్పదన్నప్పుడు, "సెరామిక్ కలిపి లేజర్‌తో చేసిన కొత్త లోహం వేయించుకుంటే మంచిదా?" అనే సందేహం మీకు రావచ్చు.

టైటానియం తేలికైనది, గట్టిది, శరీరానికి పడుతుంది. కాని రాపిడికి తట్టుకోలేదు. అందుకే కీలులో తిరిగే బంతిని సాధారణంగా కోబాల్ట్-క్రోమియంతోనో, సెరామిక్‌తోనో చేస్తారు. టైటానియం పొడిలో సెరామిక్ రేణువులు కలిపి, లేజర్‌తో కరిగిస్తూ పొరమీద పొరగా పేరిస్తే అరుగుదల తగ్గుతుంది. అయితే సెరామిక్ పాలు ఎక్కువైతే లోహం పెళుసెక్కి పగలవచ్చు. కనుక ఇది ఇంకా ఎక్కువగా పరిశోధన దశలోనే ఉంది.

బంతి కూర్చునే గిన్నెను మాత్రం లేజర్‌తో, సన్నని రంధ్రాలుండేలా టైటానియంతో చేసి ఇప్పటికే వాడుతున్నారు. ఆ రంధ్రాల్లోకి ఎముక పెరిగి గిన్నెను పట్టి ఉంచుతుంది.

కాబట్టి కొత్త పేరు విని అప్పులు చేయకండి. మీ వయసుకు, ఎముక బలానికి ఏది తగునో డాక్టరునే అడగండి. అమర్చిన కీలు వివరాల కార్డు భద్రపరచండి. ఆపరేషన్ తర్వాత జ్వరం వచ్చినా, గాయం చీము పట్టినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా వెంటనే చూపించుకోండి. ఎంత మంచి లోహమైనా, చీము పడితే నిలవకపోవచ్చు.