కండ మనది, కమీషన్ ఎవరిది?

తెల్లవారుజామున ఐదింటికి హైదరాబాద్‌లో జిమ్ షట్టర్ ఎత్తేది చాలాచోట్ల ఓనర్ కాదు, ట్రైనర్. రాత్రి పదింటికి దించేదీ అతనే. ఆ ట్రైనర్లలో బస్తీల నుంచి, ఊరవతలి వాడల నుంచి వచ్చిన మన పిల్లలున్నారు. డిగ్రీ చేతిలో పెట్టుకుని, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ఈ పనిలోకి వచ్చినవాళ్లున్నారు. ఒంటినే పెట్టుబడిగా పెట్టి బతికే ఈ వృత్తి గురించి మనం ఇంకా మాట్లాడటం లేదు.

ముందు జీతం సంగతి చూద్దాం. చాలా జిమ్‌లలో చిన్న బేసిక్, దాని మీద పర్సనల్ ట్రైనింగ్ కమీషన్. మెంబర్ డబ్బు కట్టేది జిమ్‌కి, ట్రైనర్‌కి దక్కేది అందులో వాటా. మెంబర్ మానేస్తే ఆదాయం పోతుంది. భుజం పట్టేసినా, నడుం జారినా అంతే. కాగితం మీద అతను ఉద్యోగి కాదు, 'ఫ్రీలాన్సర్'. ఈ ఒక్క మాటతో పీఎఫ్, ఈఎస్ఐ రెండూ తప్పిపోతాయి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లు నియామక పత్రం తప్పనిసరి అంటున్నాయి. కానీ ఆ నిబంధన ఉన్న కోడ్ సాధారణంగా 10 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకే. గల్లీలో నలుగురు ట్రైనర్లతో నడిచే జిమ్ దాని బయటే ఉండిపోతుంది.

శ్రమ ఒకరిది, పేరు ఇంకొకరిది కావడం మనకు కొత్త కాదు. దళిత క్రికెటర్ పల్వంకర్ బాలూ పుణెలో యూరోపియన్ల క్లబ్‌లో పనిచేస్తూ, నెట్స్‌లో తెల్లదొరలకు గంటల తరబడి బంతులు వేశాడు. వాళ్ల బ్యాటింగ్ పదునెక్కింది అతని చేతి మీదే. 1911 ఇంగ్లండ్ పర్యటనలో 100కు పైగా వికెట్లు తీసిన ఆ మనిషికి హిందూ జట్టు కెప్టెన్సీ మాత్రం దక్కలేదు. తమ్ముడు విఠల్‌కి అది 1923లో గానీ రాలేదు.

ఇక ట్రైనర్లు చెప్పే తత్వం. 'కష్టపడితే ఎవరైనా సాధిస్తారు, సాకులు చెప్పొద్దు.' ఇందులో మన యువకులను లాగే నిజం ఒకటుంది. ఇనుముకి కులం తెలియదు. 20 కిలోల ప్లేట్ ఎవరెత్తినా 20 కిలోలే. అయితే అదే మాట జిమ్ దాటి బయటికొస్తే 'మెరిట్' వాదమవుతుంది. బరువు అందరికీ ఒకటే కావచ్చు. తిండి, నిద్ర, తీరిక ఒకటి కాదు కదా! ఐసీఎంఆర్ లెక్కలో కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. మన ఇళ్లలో దాన్ని చవగ్గా అందించింది పెద్దకూర. డైట్ చార్ట్‌లో మాత్రం పనీర్ ఉంటుంది, వే పౌడర్ ఉంటుంది, పెద్దకూర కనబడదు. 2012లో ఉస్మానియా విద్యార్థులు పోరాడింది ఆ పళ్లెం కోసమే.

ఇంకొకటి, తాకడం. భుజం సరిచేయాలన్నా, బార్ పట్టుకోవాలన్నా ట్రైనర్ తాకాల్సిందే. కాబట్టే 'మీ ఇంటిపేరేంటి?' అన్న ప్రశ్న జిమ్‌లోకీ వస్తుంది. నలుగురి ముందు కులం పేరుతో దూషిస్తే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. నోరెత్తకుండా 'వేరే ట్రైనర్‌ని ఇవ్వండి' అంటే? ఆ రోజు కమీషన్ పోతుంది, కేసు పెట్టడానికి ఆధారం మిగలదు.

మనం చేయగలిగిన పనులున్నాయి. జిమ్ చిన్నదైనా పెద్దదైనా నియామక పత్రం ఇవ్వాలని అడగాలి. కనీస వేతనం అన్ని ఉపాధులకూ వర్తిస్తుందని వేతనాల కోడ్ చెబుతోంది, దాన్ని పట్టుకోవాలి. ఎస్సీ కార్పొరేషన్లు ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సుల ఫీజు భరించాలని, సొంత జిమ్ పెట్టుకునేవాళ్లకు రుణమివ్వాలని డిమాండ్ చేయాలి. ముందుగా మన కాలేజీ పక్కనున్న జిమ్‌లో ట్రైనర్‌తో కూర్చుని మాట్లాడాలి. అతని సంఘం అక్కడే మొదలవుతుంది.