ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో: దూరం ఒకటే.. విమాన సమయం ఎందుకు మారుతుంది?

అమ్మానాన్నలను అమెరికా పంపిస్తున్నారా? లేక మీరే వెళ్తున్నారా? ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దూరమెంతో ఫోన్‌లో వెతికితే సుమారు 12,400 కి.మీ. అని వస్తుంది. గంటకు 900 కి.మీ. చొప్పున వెళ్లినా 14 గంటల్లోపే చేరాలి. టికెట్ మీద మాత్రం ఈ లెక్క కుదరదు. కారణాలివీ..

ఆ దూరం గ్లోబు మీద గీత

12,400 కి.మీ. అనేది రెండు నగరాల మధ్య భూగోళంపై అతి దగ్గరి దారి. అది ఉత్తర ధ్రువానికి దగ్గరగా వెళ్తుంది. అయితే ఢిల్లీకి ఉత్తరాన హిమాలయాలు, టిబెట్ పీఠభూమి ఉన్నాయి. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే 10 వేల అడుగులకు దిగాలి. అక్కడ నేలే అంతకంటే ఎత్తు. అందుకే విమానాలు సాధారణంగా చుట్టూ తిరిగి వెళ్తాయి.

దారి పెరిగినా టైమ్ తగ్గింది

ఎయిరిండియా 2016 అక్టోబరులో ఈ విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ మీదుగా మళ్లించింది. దూరం దాదాపు 1,400 కి.మీ. పెరిగి 15,300 కి.మీ. అయింది. అయినా ప్రయాణం సుమారు 14.30 గంటల్లోనే ముగిసింది. కారణం, పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలులు. గాలి గంటకు 150 కి.మీ. వేగంతో వెనక నుంచి తోస్తే 900 కి.మీ. వేగం 1,050 అవుతుంది. అదే ఎదురైతే 750కి పడిపోతుంది. ఈ గాలులు చలికాలంలో మరింత బలంగా ఉంటాయి.

గగనతలం మూస్తే?

2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ మన విమానాలకు గగనతలాన్ని మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి పడమర వైపు వెళ్లే విమానాలు చుట్టూ తిరగాల్సి వచ్చింది. దారి పెరిగితే ఇంధనం ఎక్కువ కావాలి, సిబ్బంది డ్యూటీ గంటలూ పెరుగుతాయి. ఢిల్లీ - వాషింగ్టన్ సర్వీసును 2025 సెప్టెంబరు 1 నుంచి నిలిపేస్తూ ఎయిరిండియా చెప్పిన కారణాల్లో ఇదొకటి.

టికెట్ మీద టైమ్ చూసి పొరబడొద్దు

టికెట్‌పై ఉండేవి స్థానిక సమయాలు. శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే వేసవిలో 12.30 గంటలు, చలికాలంలో 13.30 గంటలు వెనక ఉంటుంది. వేసవిలో ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరి 16 గంటలు ప్రయాణిస్తే, అక్కడ అదే రోజు ఉదయం 7.30కి దిగుతారు. చూడటానికి మూడున్నర గంటల ప్రయాణంలా ఉంటుంది!

బుక్ చేసేముందు..

* హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా వెళ్తుంటే మొత్తం ప్రయాణాన్ని ఒకే పీఎన్ఆర్‌పై తీసుకోండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే తర్వాతి విమానం చూసే బాధ్యత ఎయిర్‌లైన్స్‌దే. విడివిడిగా కొంటే ఆ నష్టం మీదే.
* రెండు విమానాల మధ్య వ్యవధి తగినంత ఉంచుకోండి. పెద్దవాళ్లయితే వీల్‌చెయిర్ ముందే అడగండి.
* వేరే దేశంలో మారాల్సి వస్తే ట్రాన్సిట్ వీసా కావాలేమో చూసుకోండి.
* విమానం రద్దయితే రీఫండ్ లేదా మరో విమానం అడగొచ్చు. గగనతలం మూసివేత వంటి, సంస్థ చేతిలో లేని కారణాలకు అదనపు పరిహారం రాదు.

కాబట్టి కిలోమీటర్లు కాదు, ఇంటి నుంచి ఇంటికి ఎన్ని గంటలో చూసి టికెట్ ఎంచుకోండి. బయల్దేరే ముందు రోజు టైమింగ్స్ మరోసారి సరిచూసుకోండి.