నకలు దాచితే చాలదు

తెలివిగల రైతు దాచిన విత్తనాన్ని పరీక్షించకుండా చల్లడు. నూరు గింజలు తడిగోనెలో చుట్టి, ఎన్ని మొలిచినవో లెక్కించి, ఆ తరువాతే పొలానికి తీసికొని పోతాడు. కంప్యూటరులోని లెక్కలకూ, ఫోటోలకూ నకలు తీసి దాచే మనవారిలో ఈపాటి జాగ్రత్త ఎందరికున్నది? నకలు ఉన్నది గదా అని నిశ్చింతగా ఉంటారు. అది తిరిగి వస్తుందో రాదో, వచ్చినా ఉన్నదున్నట్లు వస్తుందో లేదో చూచేవారు అరుదు.

ఈ ముప్పు పెద్దవారికీ తప్పలేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు సమాచారాన్నే చెరిపివేశాడు. రక్షణకు ఐదు రకాల ఏర్పాట్లున్నా ఒక్కటీ నమ్మదగినట్లు పనిచేయలేదు. రోజువారీ నకలు కొంతకాలంగా తయారు కావడమే లేదు; ఆ సంగతి హెచ్చరించే ఈమెయిళ్ళు కూడా ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు వేరే పనికై తీసిన ప్రతి ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. ఆ ఆరు గంటలలో చేరినది మాత్రం పోయింది.

సరిచూచే పద్ధతికి మన లింగసుగూరు తాలూకా కచేరీనే తలచుకోవచ్చు. 2000 ప్రాంతంలో కర్ణాటక ప్రభుత్వం భూమి పథకం క్రింద చేతివ్రాత పహణీలను కంప్యూటరుకెక్కించినప్పుడు, అచ్చుతీసిన కాగితాలను పాత పహణీలతో సరిచూడడం గ్రామలెక్కాధికారుల పని అయినది. సర్వే నంబరులో ఒక్క అంకె మారితే ఒకరి చేను మరొకరిదవుతుంది గదా!

మన ఇంటా, దుకాణంలోనూ చేయవలసినదీ ఇదే. మూడు నెలలకొకసారి నకలును వేరొక కంప్యూటరులోనికి తిరిగి ఎక్కించండి. అసలు దానిమీద మాత్రం ఎక్కించవద్దు. నకలు చెడినదైతే రెండూ పోతాయి. ఫైళ్ళ సంఖ్య సరిపోయిందా చూడండి. పాతవి కొన్ని, కొత్తవి కొన్ని తెరచి చూడండి. పేరు కనబడినంత మాత్రాన లోపలి ఫోటో బాగున్నట్లు కాదు. ఖాతాలైతే ఆనాటి మొత్తాలను కాగితంమీద వ్రాసియుంచి వాటితో పోల్చండి. చెక్‌సమ్ అనే గుర్తు సంఖ్యను నకలు తీసిననాడే వ్రాసి ఉంచుకొంటే, తరువాత ఒక్క అక్షరం మారినా పట్టుబడుతుంది. నకలుకు తాళపుమాట పెట్టియుంటే, దానిని ఇంట్లో మరొకరికి కూడా తెలియజేయండి.

ఇదంతా ఒక పూట పని. పోయిన ఖాతా ఎలాగో మరల వ్రాసుకోవచ్చు. కాలంచేసిన తల్లిదండ్రుల ఫోటో మరల తీయించుకోలేము.