సస్పెన్సు ఖాతాలో కృతజ్ఞత

రాత్రి పడుకోబోయే ముందు మూడు విషయాలకు కృతజ్ఞత రాసుకోండి, బతుకు బాగుపడుతుంది అని ఈ మధ్య ఎక్కడికి వెళ్ళినా ఉపదేశమే. మా ఆఫీసు శిక్షణ తరగతిలో అందుకోసం ఒక నోటుబుక్కు కూడా చేతిలో పెట్టారు. నెల రోజులు రాశాను. రెండో వారానికే నా పద్దులు ఇలా తయారయ్యాయి: కాఫీ, వాన, బస్సులో సీటు. ఎవరికి బాకీపడ్డాను? రాయలేదు. ఎలా తీరుస్తాను? ఆ గడే లేదు.

నేను బి.కాం. చదివినవాణ్ణి. పార్టీ ఎవరో తేలని పద్దును మా బ్యాంకుల్లో సస్పెన్సు ఖాతాలో వేస్తాం. అది నాలుగు రోజుల ముచ్చట. ఏళ్ళ తరబడి అక్కడే పడివుంటే ఆడిటరు ఊరుకోడు. ఈ కృతజ్ఞతా డైరీలన్నీ సస్పెన్సు ఖాతాలేనని నా అభియోగం.

అమెరికాలో రుజువైందంటారు. ఆ రుజువునే చూద్దాం. 2005లో సెలిగ్మన్ బృందం, తాము ఎన్నడూ సరిగా కృతజ్ఞత చెప్పని ఒక మనిషికి ఉత్తరం రాసి, స్వయంగా తీసుకెళ్ళి ఇమ్మని కొందరికి చెప్పింది. వెంటనే కలిగిన సంతోషం వారికే అందరికన్నా ఎక్కువ. ఒక నెల నిలిచింది. రోజూ మూడు మంచి విషయాలు రాసినవారికి ఆరు నెలలు నిలిచింది. దాచడం ఎందుకు, ఆ మాట డైరీల పక్షానే ఉంది. అయితే వారిచేత ప్రతి మంచికీ కారణం కూడా రాయించారు. నా చేతికి వచ్చిన నోటుబుక్కులో కారణానికి చోటు లేదు.

కృతజ్ఞుడంటే చేసిన మేలు తెలిసినవాడు. తిరుక్కురళ్ పదకొండో అధికారం పేరు ‘సెయ్‌నన్ఱి అఱిదల్’. అక్కడా ‘అఱిదల్’, అంటే తెలుసుకోవడమే. మనసు చల్లబరచుకోవడం గురించి ఈ రెండు మాటల్లో ఎక్కడా లేదు.

తెలిసి నేనేం చేశాను? తళవాయిపురంలో మా ఎదురింటి అవ్వ నాకు తెలుగు అక్షరాలు నేర్పింది. బడిలో చదువంతా తమిళం. తెలుగు నోటికే గాని చేతికి లేదు. పళ్ళెంలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని దిద్దించింది. తన పెద్దబాలశిక్ష ఇచ్చింది. ఉద్యోగం వచ్చాక సెలవుల్లో ఊరికి వెళ్తే, “తెలుగేమైనా చదువుతుండావా అబ్బా?” అని అడిగేది. తీరిక లేదవ్వా అనేవాణ్ణి. అవ్వ పోయింది. పుస్తకం నా బీరువాలోనే ఉంది. మామూలు అప్పుకు మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది. దీనికి పడదే!

మన ఉగాది సభలు మాత్రం తక్కువ తిన్నాయా? వందన సమర్పణలో హాలు ఇచ్చినవారు, చందా ఇచ్చినవారు, మైకు పెట్టినవారు, అందరూ వస్తారు. అక్షరం నిలిపినవారు రారు. శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ కథను రాయలు ఆముక్తమాల్యదగా తెలుగుకు తెచ్చాడు. దాన్ని మన రాజపాళయం ము. కు. జగన్నాథరాజా తమిళంలోకి తెచ్చి, పక్క ఊరి సొత్తును పక్క ఊరికి అప్పగించాడు. అప్పు తీర్చడమంటే అదీ. ఆయన పేరు చెప్పి చప్పట్లు కొట్టే మనలో ఎందరి ఇళ్ళల్లో ఆ పుస్తకం ఉంది? నన్నడిగితే, మొన్నటిదాకా మా ఇంట్లోనూ లేదు.

ఉత్తరం తీసుకెళ్ళి ఇద్దామంటే అవ్వ లేదు. ఆమె మునిమనవరాలు ఉంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, ఒక్క అక్షరం చదవలేదు. వాళ్ళమ్మను అడిగి ఆదివారం సాయంత్రాలు కూర్చోబెడుతున్నాను. నోటుబుక్కులో నేను రాయక మిగిల్చిన కాగితాల మీదే దిద్దుతోంది. తమిళంలో ఒక్క ‘క’ చాలు కదా, తెలుగులో నాలుగెందుకు తాతా అని పోయిన వారం నిలదీసింది. జవాబు కోసం పెద్దబాలశిక్ష బీరువాలోంచి బయటికి తీశాను.