రోగికంటె ముందు దోమను వెదకవలెను

జిబూటీ యను చిన్న ఆఫ్రికా దేశమున 2012లో మలేరియా రోగులు 27 మంది. 2020 నాటికి వారి సంఖ్య 73 వేలు దాటినది. దీనికి ముఖ్యకారణముగా నిపుణులు చెప్పుచున్నది 2012లో అచట కానవచ్చిన ‘అనాఫిలిస్ స్టిఫెన్సి’ యను దోమ. అది మన కెరుగనిది కాదు. చెన్నపట్టణపు మేడలమీది నీటితొట్లలోను, ఇంటి బావులలోను చిరకాలముగా పెరుగుచున్నదే.

శ్రీలంక కథ వేరు. 2016 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని మలేరియా లేని దేశముగా ప్రకటించినది. అయినను వారు దోమలను వెదకుట మానలేదు. కావుననే ఆ యేడు చివరనే మన్నారులో నీ దోమ పట్టుబడినది. రోగులు లేరుగదా యని చేతులు ముడుచుకొని యుండినచో నది చిక్కెడిదా?

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతముల విషయమున మా యాందోళన యిదియే. పల్లెపట్టుల మలేరియాకు కాలువలలో, గుంటలలో పెరుగు వేరు జాతి దోమ వాహకము; మన పాత యేర్పాటులు దానిని దృష్టియందుంచుకొని చేసినవి. ఇప్పుడో, పట్టణము రైలుదారి వెంబడి పెరుగుచున్నది. మేడలు, తొట్లు, కట్టుబడి పనులకై నిలువచేసిన నీరు పెరిగినవి. పట్టణపు దోమకు కావలసిన వన్నియు సిద్ధముగా నున్నవి. జ్వరగ్రస్తుల నెత్తురు పరీక్షించుట యవసరమే గాని, తొట్టిలో నేది పెరుగుచున్నదో నెత్తురు చెప్పజాలదు. 2030 నాటికి మలేరియాను నిర్మూలింప దేశము సంకల్పించినది. రోగులు తగ్గినకొలది వెదకుట సడలుట మానవస్వభావము.

ఇందొక చిక్కు కలదు. స్టిఫెన్సి దొరకినంతమాత్రమున ప్రమాదమని చెప్పరాదు. దానియందు భేదము లున్నవనియు, గ్రుడ్డునకు ఇరుప్రక్కల తెప్పలవలె నుండు భాగముల మీది గీతలను లెక్కించి యా భేదములను గుర్తింపవచ్చుననియు మైసూరు సంస్థానమున స్వీటు, రావు అనువారు 1937లోనే చూపిరి. పల్లెలయందలి భేదము రోగమును మోయుట యరుదు. కనుక గీతలు లెక్కింప నేర్చిన మనుష్యు డొకడు సూక్ష్మదర్శినితో నీ రెండూళ్లలోను నెలనెల తిరుగవలెను. 1960లో తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరినది. అతని లెక్కలు ఎల్లకావల నున్న నగరికిని అందవలెను, నగరి లెక్కలు ఇటు రావలెను.

మన పాఠకులలో తిరువళ్లూరు వైపు స్థలములు కొని యిండ్లు కట్టుకొనువారు లేకపోలేదు. తొట్టి మూత తీసి చూచెదనని వచ్చిన యుద్యోగిని వారు గుమ్మమునుండియే త్రిప్పి పంపకుందురుగాక.